చెప్పుల్లేని కాలికి పెడల్ బోర్డు: పని డైరీ

జులై 6, ఆదివారం

మా బృందం వాయించేది భజన మందిరాల్లో, చవితి పందిళ్లలో, గంగ జాతరకి వీధుల్లో కట్టే వేదికల మీద. ఎక్కడికి వెళ్లినా మెట్ల దగ్గర చెప్పులు విడిచే పైకెక్కుతాం. నాలుగేళ్లుగా ఆరు గిటార్ పెడళ్లను, అంటే కాలితో నొక్కితే గిటార్ శబ్దాన్ని మార్చే చిన్న డబ్బాలను, ఒక ప్లైవుడ్ ముక్క మీద వరసగా పేర్చి నెట్టుకొస్తున్నాను. ఈసారి వినాయక చవితి ఆగస్టు 27న. ఆలోగా సరైన బోర్డు చేసుకోవాలి. చేతిలో ఏడు వారాలున్నాయి.

ఇంత పట్టుదల రావడానికి పోయిన చవితి కారణం. ఒక పందిట్లో మా వంతు వచ్చే ముందే వాన పడి వెలిసింది. వేదిక తుడిచారు గానీ తడి ఆరలేదు. ఉత్త కాలితో, ప్రతిధ్వని ఇచ్చే డిలే పెడల్ ఇనుప స్విచ్ నొక్కగానే వేలి చివర నుంచి మోకాలి దాకా జివ్వుమంది. పక్కన పాడే అన్నకి మైకు పెదవికి తగిలి అలాగే అయింది. పాట ఆపలేదు. కానీ ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఇంట్లో మీటర్ పెట్టి చూశాను. నా అడాప్టర్ రెండు పిన్నులది. ఇలాంటి వాటి లోపల 230 వోల్టుల వైపు నుంచి 9 వోల్టుల వైపుకి ఒక చిన్న కెపాసిటర్ కట్టి ఉంటుంది. రొద తగ్గించడానికి పెట్టే భాగం అది. దాని గుండా కాస్త కరెంటు అవతలికి జారుతుంది. అడాప్టర్ నెగటివ్‌కీ ఇంటి ఎర్త్‌కీ మధ్య కొలిస్తే 90 వోల్టుల పైనే చూపించింది. దాని వెనకున్న కరెంటు మిల్లీ ఆంపులో చిన్న భాగమే కాబట్టి ప్రాణం తీయదు. మామూలుగా అయితే ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెద్దది చేసే యాంప్లిఫయర్) మూడో పిన్ను దాన్ని భూమిలోకి లాగేస్తుంది, మనకి తెలియను కూడా తెలియదు. ఆ రోజు ప్లగ్గులో ఎర్త్ లేదు. అదే రోజు ఆంప్ లోపల ఏదైనా తీగ తెగి డబ్బాకి తగిలి ఉంటే, ఈ డైరీ రాయడానికి నేను ఉండేవాణ్ని కాదేమో.

అందుకే మొదటి నిర్ణయం: 230 వోల్టుల తీగ నా కాళ్ల దగ్గరికి రాకూడదు. మిగతావన్నీ దాని తర్వాతే.

జులై 9

రాత్రి భోజనాలయ్యాక అట్టపెట్టెలు కోసి కూర్చున్నాను. బాస్ (Boss) కంపెనీ పెడల్ ఒక్కొక్కటి 73 మిల్లీమీటర్ల వెడల్పు, 129 పొడవు. నా దగ్గర బాస్‌వి మూడున్నాయి: శృతి చూసుకునే టీయూ-3 ట్యూనర్, శబ్దాన్ని గరుకుగా చేసే డీఎస్-1 డిస్టార్షన్, ఒక్క గిటార్‌ని పలు గిటార్లలా వినిపించే సీహెచ్-1 కోరస్. డీఎస్-1 వచ్చింది 1978లో, ఇప్పటికీ అదే నారింజ రంగు డబ్బా. ఇవి కాక కాస్త మెత్తటి గరుకునిచ్చే ఐబనెజ్ టీఎస్9 ఓవర్‌డ్రైవ్, ట్యాప్ టెంపో (కాలితో తాళం కొడితే ఆ వేగాన్నే అందుకోవడం) ఉన్న డిజిటల్ డిలే, పెద్ద హాల్లో మోగినట్టు చేసే చిన్న డిజిటల్ రివర్బ్. ఆరింటికీ కొలతకి అట్టముక్కలు కోసి, మేం వేదిక మీద వేసుకునే లాంటి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, దాని ముందు నేల మీద పరిచాను.

కూర్చుని వాయించేవాడి కాలు వేరుగా కదులుతుందని అప్పుడు తెలిసింది. నిలబడితే కాలంతా ఎత్తి ఎక్కడైనా వేయొచ్చు. కూర్చుంటే మడమ నేల మీదే ఉంటుంది, దాని చుట్టూ పాదం తిరుగుతుంది. వెనక వరసకి వేళ్లు అందాలంటే మడమ ముందుకి జరగాలి, అప్పటికి ఒక తాళం దెబ్బ దాటిపోతుంది. కాబట్టి పాట మధ్యలో నొక్కేవి ముందు వరసలో, పాటకీ పాటకీ మధ్య నొక్కేవి వెనక వరసలో ఉండాలి.

ఇక్కడ ఒక చిక్కు. గిటార్ శబ్దం పెడళ్ల గుండా వెళ్లే వరస వేరే లెక్క. ట్యూనర్ ముందుండాలి, దానికి తీగ శబ్దం శుభ్రంగా అందాలి. తర్వాత ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్. ఆ తర్వాత కోరస్, డిలే, చివర రివర్బ్. డిలేని డిస్టార్షన్ ముందు పెడితే ప్రతిధ్వనులన్నీ కలిపి నలిపేస్తుంది, ఏ స్వరం ఎక్కడ మొదలైందో వినపడదు. అలాగని ఈ వరసలోనే పక్కపక్కన పేర్చాల్సిన పని లేదు. తీగలు బోర్డు కింద నుంచి పోతాయి, కాలికి వాటితో సంబంధం లేదు.

గంటసేపు అటూ ఇటూ జరిపాక కుదిరింది. వెనక వరస కుడి నుంచి ట్యూనర్, కోరస్, రివర్బ్. ముందు వరస కుడి నుంచి ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, డిలే. శబ్దం వెనక కుడి మూలలో దిగి ముందుకొచ్చి, పక్కకి జరిగి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకి వచ్చి, చివరికి వెనక ఎడమ మూలలో తేలుతుంది. అమ్మ ముగ్గులో చుక్కలు కలిపినట్టు. ఏ తీగా జానెడు మించి అక్కర్లేదు.

జులై 13, ఆదివారం

చెక్క విషయం. ప్లైవుడ్ అంచులు పేడులు లేస్తాయి, ఉత్త కాలికి గుచ్చుకుంటాయి. తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి మిద్దె మీద తాత నవారు మంచం విప్పేసి పెట్టి ఉంది. టేకు. ఒక కోడు విరిగిపోయి పదేళ్లుగా ఎండకీ వానకీ పడి ఉంది. అవ్వని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే మిద్దెక్కి, రెండు పొడుగు పట్టెల్నీ తడిమి చూసి, ఒకటి పక్కన పెట్టింది.

"ఇది తీసుకో నాయనా. మీ తాత కుడి చెయ్యి ఆనించుకునే పక్క ఇది. గట్టిగా ఉండాది."

కోత మిల్లులో దాన్ని ముప్పావు అంగుళం మందాన పలకలు చేయించాను. రంపం దిగగానే వచ్చిన టేకు వాసనకి మిల్లులో పనిచేసే అతను కూడా పలక అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. లోపలి చెక్క నిన్న కోసినట్టే ఉంది.

జులై 20

మేస్త్రి మా వీధి చివరే. బొమ్మ గీసి చూపించాను: రెండున్నర అంగుళాల వెడల్పు పలకలు నాలుగు, మధ్యలో అంగుళం చొప్పున మూడు సందులు, ముందు వైపు పల్లం, వెనక వైపు ఎత్తు.

"లెక్కలు రాసే డెస్కు మాదిరా సామీ?"

"అంత వాలు వద్దన్నా. ముందు మూడు సెంటీమీటర్లు, వెనక ఎనిమిది. అంతే."

"దీని మీద ఏం పెడతావు?"

చెప్పాను. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పలకల్ని ఇటుకల మీద వాల్చి, కాలు వేసి చూపించమన్నాడు. చూసి, ముందు అంచు ఇంకా గుండ్రంగా తీయాలన్నాడు. మడమ జరిగేటప్పుడు పాదం అడుగు ఆ అంచుకే రాసుకుంటుందని నేను గమనించలేదు, ఆయన గమనించాడు. చిత్రిక పట్టి, ఉప్పు కాగితంతో 80, 120, 220 వరసగా రుద్ది ఇచ్చాడు. స్క్రూలన్నీ కింది నుంచే, పైన ఒక్క తల కూడా కనపడదు. మొత్తం 61 సెంటీమీటర్ల పొడవు, 33 లోతు.

అన్నిటికన్నా ముందుండే పలకకి మంచం పట్టె అసలు పై ముఖాన్ని అలాగే ఉంచమన్నాను. నవారు ఏళ్ల తరబడి ఒరిసి ఒరిసి నునుపు తేలిన చారలు దాని మీదున్నాయి. నాలుగు వేళ్ల వెడల్పున ఒక్కో చార, మధ్యలో సన్నటి గీత. వేలు పెట్టి రాస్తే తెలుస్తాయి.

ఆయన లక్క పాలిష్ వేస్తానన్నాడు, నేను వార్నిష్ రెండు పూతలు వేయించాను. పెడళ్లని బోర్డుకి పట్టి ఉంచే, లాగితే ఊడే వెల్‌క్రో పట్టీల గమ్ము గురించి నా భయం. తిరుపతి మే నెల ఎండలో కారులో ఒక పూట ఉంచితే ఆ గమ్ము పాకంలా జారిపోవడం నాకు తెలుసు. అందుకే పలకల మీద మెత్తటి వైపు వెల్‌క్రోని అతికించడమే కాక స్టేప్లర్‌తో కొట్టాను. గరుకు వైపు పెడళ్ల అడుగున. అతికించే ముందు అడుగు రబ్బరు ఊడదీసి, స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే పట్టదు.

జులై 23

పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా బస్సులో చెన్నై వెళ్లొచ్చాను. రిచీ స్ట్రీట్‌లో పని. చదునుగా ఉండే వంపు జాకులు పన్నెండు, గిటార్ కేబుల్ నాలుగు మీటర్లు, 12 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, వోల్టేజీని 9 దగ్గర నిలిపే 7809 రెగ్యులేటర్లు, నాలుగు పిన్నుల మైక్ కనెక్టర్ జత. కొన్ని తిరుపతిలోనూ దొరుకుతాయి, కానీ జాకులు పట్టుకుని చూసి కొనాలనిపించింది. ఒక కొట్లో తక్కువ ధరవి చూపించారు, మూత మర తిప్పితేనే అరిగిపోయేలా ఉంది. తీసుకోలేదు.

జులై 27, ఆదివారం

టంకం పని. సోల్డ్రాన్ 25 వాట్ల ఐరన్, కాలేజీ రోజుల నుంచి ఉంది.

మొదటి తీగ చేసి గిటార్ పెట్టాను. శబ్దం దుప్పటి కప్పినట్టు వచ్చింది. పై స్వరాల మెరుపు లేదు. మళ్లీ విప్పాను. తప్పు ఎక్కడో కనపడలేదు. టంకం మెరుస్తూనే ఉంది, కొనలు ఒకదానికొకటి తగలడం లేదు. భూతద్దం పెట్టి చూస్తే తెలిసింది. గిటార్ కేబుల్‌లో రాగి అల్లిక కింద, లోపలి తీగ తొడుగు మీద నల్లటి పొర ఒకటి ఉంటుంది. పల్చటి ప్లాస్టిక్ లాగే ఉంటుంది గానీ దానిలో కరెంటు పారుతుంది. కేబుల్ కదిలినప్పుడు వచ్చే గరగర శబ్దాన్ని మింగడానికి వేస్తారు. దాని అంచు వెంట్రుకంత వచ్చి మధ్య తీగకి తగులుతోంది. పూర్తి షార్ట్ అయితే శబ్దమే ఆగిపోయేది, వెంటనే దొరికేది. ఇది సగం షార్ట్, కాబట్టి శబ్దం వస్తూనే నీరసపడింది.

ఆ తర్వాత ప్రతి కొనకీ ఒకే పద్ధతి. పై తొడుగు రెండు సెంటీమీటర్లు తీసి, అల్లికని ఒక పక్కకి మెలితిప్పి, నల్ల పొరని గోటితో వెనక్కి ఒలిచి, బ్లేడుతో చుట్టూ కోసి, ఆ తర్వాతే మధ్య తీగ తొడుగు తీయాలి. ఒక్కో కొనకి పది నిమిషాలు పట్టింది. ఐదు చిన్న తీగలు, పది కొనలు. లోపలికి, బయటికి పోయే పెద్ద కేబుళ్లు పాతవే. ప్రతి తీగనీ మీటర్ పెట్టి కొన నుంచి కొనకీ, మధ్య తీగ నుంచి అల్లికకీ చూసి, చుట్టి పక్కన పెట్టాను. ముగిసేసరికి రాత్రి పదకొండు. అమ్మ రెండుసార్లు అన్నం చల్లారిందని పిలిచింది.

ఆగస్టు 3, ఆదివారం

బోర్డు మీద అన్నీ ఎక్కించి, ముందు పాత అడాప్టర్‌తోనే చూశాను. ఒకే అడాప్టర్ నుంచి గొలుసులా ఆరింటికీ. డిస్టార్షన్ నొక్కగానే వెనక దోమ పాడినట్టు సన్నటి కూత.

ఒక్కో పెడల్ పీకుతూ పోయాను. డిలే పీకితే సగం తగ్గింది, రివర్బ్ కూడా పీకితే పూర్తిగా పోయింది. డిజిటల్ పెడళ్లలో చిప్ గడియారంలా కొట్టుకుంటూ కరెంటుని తెంపులు తెంపులుగా లాగుతుంది. ఆ అలజడి అందరికీ ఉమ్మడిగా ఉన్న నెగటివ్ తీగ వెంట డిస్టార్షన్ దాకా వస్తుంది. చిన్న శబ్దాన్ని పెద్దది చేయడమే డిస్టార్షన్ పని కదా, దీన్నీ పెంచుతుంది. డీఎస్-1 తాగేది 4 మిల్లీ ఆంపులు. నా డిలే, రివర్బ్ కలిపి 200 దాకా లాగుతాయి. ఇంత తేడా ఉన్న వాటిని ఒకే గొలుసుకి కట్టకూడదు.

అందుకే రెండు ట్రాన్స్‌ఫార్మర్లు తెచ్చింది. ఒకటి డిలే, రివర్బ్‌లకి. ఇంకొకటి మిగతా నాలుగింటికి.

ఆగస్టు 10, ఆదివారం

కరెంటు డబ్బా. ముందే ఒక మాట: 230 వోల్టుల పని చేతికి అలవాటు లేనివాళ్లు ఇది చేయకండి, వేరువేరు ఔట్‌పుట్‌లున్న రెడీమేడ్ సప్లై కొనుక్కోండి. డబ్బు ఎక్కువైనా సరే. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివాను, అయినా మూత పెట్టే ముందు మా సీనియర్ ఒకాయనతో చూపించుకున్నాను.

ఇనుప డబ్బా, మూడు పిన్నుల తీగ, ఎర్త్ డబ్బాకి బిగించి, దారిలో ఫ్యూజు. ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్‌కి నాలుగు 1ఎన్4007 డయోడ్లు, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, 7809. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే 12 వోల్టుల ఏసీ డయోడ్లు, కెపాసిటర్ దాటాక పదిహేను పైచిలుకు డీసీ అవుతుంది, అందులో 9 ఉంచుకుని మిగతాది రెగ్యులేటర్ వేడిగా వదిలేస్తుంది. డిజిటల్ వైపు దానికి వేడి లాగడానికి లోహం కావాలి. రెండిటినీ డబ్బా గోడకే బిగించేశాను.

పెట్టి చూస్తే కూత పోయింది, కానీ దాని స్థానంలో లావాటి గూం శబ్దం వచ్చింది. రెండు గంటలు వెతికాను. ట్రాన్స్‌ఫార్మర్ తిప్పి చూశాను, తీగలు మార్చాను. చివరికి రెగ్యులేటర్ వీపు దగ్గర దొరికింది. 7809 వీపు లోహం దాని నెగటివ్‌కి కలిసే ఉంటుంది. దాన్ని నేరుగా ఎర్త్ ఉన్న డబ్బాకి బిగించడంతో, వేరుగా ఉంచాలని ఇంత కష్టపడిన రెండు నెగటివ్‌లూ డబ్బా ద్వారా ఒకటైపోయాయి. పైగా ఎర్త్ ఇక్కడొకసారి, ఆంప్ దగ్గర ఇంకోసారి తగిలి పెద్ద చుట్టు ఏర్పడింది. ఆ చుట్టులో 50 హెర్ట్జ్ తిరుగుతోంది. మధ్యలో మైకా బిళ్ల, స్క్రూకి ప్లాస్టిక్ తొడుగు పెట్టాక నిశ్శబ్దం. ఆంప్ సగానికి పైగా పెంచి, చెవి స్పీకర్‌కి ఆనించి విన్నాను. వీధిలో ఆటో వెళ్తున్న చప్పుడే ముందు వినపడింది.

ఈ డబ్బా బోర్డు మీద ఉండదు. ఆంప్ వెనక కుర్చీ మీద ఉంటుంది. అక్కణ్నుంచి నాలుగు తీగల కేబుల్ ఐదు మీటర్లు నా కాళ్ల దాకా వస్తుంది, దానిలో 9 వోల్టులు మించి ఏమీ లేవు. అంత దూరం వచ్చాక కొలిస్తే 8.9 ఉంది. చాలు.

ఆగస్టు 14

టీఎస్9కీ బాస్ వాటికీ వెడల్పాటి తొక్కుడు పలక ఉంటుంది, ఉత్త కాలికి హాయి. డిలే, రివర్బ్‌లకి మాత్రం గుండ్రటి ఇనుప బుడిపె. పది నిమిషాలు నొక్కితే బొటనవేలి కింద ఎర్రటి గుర్తు పడుతుంది. పాత హవాయి చెప్పు రబ్బరు కోసి తొడుగుదామనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "దేవుడి ముందరికి చెప్పు ముక్క తీసుకుపోతావా?" అంది. ఆమె మాటే సరైనది. గాంధీ రోడ్డు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర చెప్పుల అడుక్కి వేసే రబ్బరు, వాడని మైక్రో షీటు అరచేతి మేర కొన్నాను. రూపాయి బిళ్లంత గుండ్రంగా కోసి, సగం లోతు దాకా రంధ్రం చేసి బుడిపె మీద నొక్కితే కూర్చుంది. ఇప్పుడు కాలికి మెత్తగా, వెచ్చగా తగులుతోంది.

ఆగస్టు 17, ఆదివారం

మందిరంలో రిహార్సల్. పాట మొదట్లో నిమిషానికి 80 దెబ్బలు. 60,000ని 80తో భాగిస్తే 750, అంటే ఒక్కో దెబ్బకి 750 మిల్లీసెకన్లు, డిలే అక్కడ పెట్టాను. కానీ మా తబలా అన్న జనం చప్పట్లు అందుకునే కొద్దీ వేగం పెంచుతాడు, పెంచాలి కూడా, భజనకి అందమే అది. చివరికి 96 దగ్గరుంటాం. అప్పుడు కావలసింది 625. పాత బోర్డు మీద డిలే వెనక మూలలో ఉండేది, ట్యాప్ కొట్టడానికి కాలు చాచేలోపు చరణం అయిపోయేది, ప్రతిధ్వనులు తబలాతో పోట్లాడుతుండేవి. అందుకని డిలే ఆపేసి వాయించేవాణ్ని. ఇప్పుడు ఎడమ కాలు మడమ ఎత్తకుండానే తాళం వేస్తూ వేస్తూ నాలుగు దెబ్బలు దాని మీద పడతాయి. పాట మొత్తం డిలే ఉంచి వాయించడం ఇదే మొదటిసారి. తబలా అన్న పాట అయ్యాక నా వైపు చూసి తల ఊపాడు.

ఆగస్టు 28

నిన్న పందిట్లో వాయించాం. మూడు దీపాల ప్లగ్ టెస్టర్ కొన్నాను, ఎక్కగానే అదే ముందు పెట్టాను. రెండు దీపాలు వెలగాలి, ఒకటే వెలిగింది. ఎర్త్ లేదు.

"అన్నా, ఈ ప్లగ్గులో ఎర్త్ లేదు. ఆంప్ దీనికి పెట్టను."

సౌండ్ సర్వీసు ఆయన విసుక్కోలేదు. "జనరేటర్ లైన్లో ఉండాది తమ్ముడూ, ఉండు" అని ఇంకో బోర్డు లాగి ఇచ్చాడు. మా పాటల మైకులు కూడా అదే లైన్‌కి మార్చమని అడిగాను. మార్చాడు. టెస్టర్ పెట్టి చూసి, అప్పుడు ఆంప్ ఆన్ చేశాను.

నిన్న కూడా సాయంత్రం జల్లు పడింది. జంబుఖానా కొసలు తడిగానే ఉన్నాయి. రెండు గంటలు వాయించాను, కాలికి టేకు తప్ప ఇంకేమీ తగల్లేదు. అవ్వ ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చుంది.

రివర్బ్ మీది రబ్బరు బిళ్ల రెండో పాటలో ఊడి జంబుఖానా కిందికి పోయింది, దొరకలేదు. షీటు ఇంకా మిగిలి ఉంది. ఈసారి సైకిల్ ట్యూబు సొల్యూషన్ రాసి అతికిస్తాను. కోరస్ నుంచి డిలేకి వెళ్లే తీగ కొంచెం పొడుగైంది, పలకల సందులోంచి పైకి లేస్తోంది. దాన్ని ఆదివారం నాలుగు సెంటీమీటర్లు కత్తిరించాలి.